38 క్యాసెట్లు, రెండు దేశాల కరెంటు: అనంతపురంలో గ్రేట్‌ఫుల్ డెడ్ టేపుల డైరీ

పెట్టెలో ఉన్నవి: మ్యాక్సెల్ ఎక్స్‌ఎల్ టూ 90 క్యాసెట్లు 31, వేరే రకాలు 7. మొత్తం 38. అన్నీ గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండు కచేరీల రికార్డింగులే, స్టూడియోలో పాడింది ఒక్కటీ లేదు. మా మామ 1983లో ఎంఎస్ చదవడానికి కాలిఫోర్నియా పోయి, 1987లో తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మరీ తెచ్చుకున్నవి. అప్పట్నుంచి కమలానగర్‌లో ఆయన ఇంటి పైగదిలో, ఇనుప బీరువాలో ఉన్నాయి. మే నెలలో ఆ గది ఎట్లుంటుందో ఈ ఊరివాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

నేను సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ని. ఈ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నా గానీ, ఆడియో నా పని కాదు. ఇంట్లో పాత క్యాసెట్లున్న వాళ్లు, అవి రాక్ అయినా పద్యనాటకాలైనా, నేను తగలబెట్టిన డబ్బు, సమయం మళ్లీ తగలబెట్టకూడదని ఇది రాస్తున్నా.

ఒకే బ్యాండువి ఇన్నెందుకు అని మా ఇంట్లోవాళ్లూ అడిగారు. ఈ బ్యాండు 1965 నుంచి 1995 దాకా దాదాపు 2,300 కచేరీలు చేసింది. ఏ రాత్రి ఏ పాట పాడతారో ముందు తెలీదు. ఒకరోజు ఎనిమిది నిమిషాల్లో ముగిసిన పాట ఇంకోరోజు ఇరవై ఐదు నిమిషాలు సాగుతుంది. మన పక్క నాటకం చూసొచ్చినవాళ్లు "ఆ పద్యం ఆ ఊర్లో తీసిన రాగం వేరప్పా" అని పొద్దున టీ కొట్టు దగ్గర తగువు పడేవాళ్లు కదా, అదే జబ్బు. నాటకం స్టేజీ అంచున టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేసుకునేవాళ్లు మా ఊర్లో ఇద్దరుండేవాళ్లు. అక్కడ వేలమంది. బ్యాండు వాళ్లను ఆపలేదు సరికదా, 1984 అక్టోబరులో బర్కిలీ కచేరీల నుంచి రికార్డు చేసుకునేవాళ్ల కోసం విడిగా జాగా, విడిగా టిక్కెట్టు పెట్టింది. టేపులు అమ్మకూడదు, మార్చుకోవచ్చు. ఖాళీ క్యాసెట్లూ తిరుగు స్టాంపులూ పోస్టులో పంపితే ముక్కూ మొహం తెలీనివాళ్లు కాపీ తీసి పంపేవాళ్లట. మామ పెట్టెలో 36 అట్ల వచ్చినవే. రెండు మాత్రం ఆయన సొంతంగా రికార్డు చేసినవి. ఆ రెండే నన్ను మూడు వారాలు తిప్పలు పెట్టాయి.

దశ 0: లేబుళ్లు

మొదటి తప్పు ఇక్కడే. క్యాసెట్ మీద "5/8/77" అని ఉంటే ఆగస్టు 5 అని రాసుకున్నా. అట్లా పదకొండు క్యాసెట్లు జాబితాలో రాసుకున్నాక "8/27/72" వచ్చింది. ఇరవై ఏడో నెల ఎక్కడిది? అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత. వెనక్కి పోయి అన్నీ దిద్దాల్సి వచ్చింది. ఆ 5/8/77 ఏందంటే 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్ కచేరీ. ఈ బ్యాండు అభిమానుల్లో ఎక్కువమంది ముందు చెప్పేది దాని పేరే.

రెండో గందరగోళం "ఎస్‌బీడీ", "ఏయూడీ" అనే అక్షరాలు. మొదటిది స్టేజీ మైకులన్నీ కలిసే సౌండ్‌బోర్డు నుంచి తీగ లాగి తీసినది. రెండోది జనంలో మైకు పెట్టి తీసినది. ఈ తేడా ముందే రాసి పెట్టుకోండి. దశ 3లో, దశ 6లో దీనిమీదే అంతా ఆధారపడింది.

లెక్క: 38 క్యాసెట్లు, 17 కచేరీలు. తేదీ తిప్పి చదవగలిగేవి 6, ఆరూ తప్పే రాశాను. ఖర్చు సున్నా.

దశ 1: డెక్కు

మామ దగ్గర ఆయన క్యాసెట్ డెక్కు, అంటే టేపులు వేసే పెట్టె, కూడా ఉంది. అమెరికాది. ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి గోడ సాకెట్లో పెట్టా. రెండు క్షణాలు లైటు వెలిగింది, తర్వాత వార్నిష్ కాలిన వాసన. వెనకపక్క 120 వోల్టులు అని ఇంత లావు అక్షరాలతో రాసి ఉంది. పొద్దంతా ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య కూర్చునే మనిషి చేసిన పని ఇది. మామ ఏమీ అనలేదు. కొంచెం సేపయ్యాక "డిపార్టుమెంట్లో చెప్పొద్దులే" అన్నాడు.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో 230 వోల్టుల పాత డెక్కు దొరికింది. అమ్మినాయన "బెల్టు ఒక్కటి చూసుకోండి" అన్నాడు. తెరిస్తే బెల్టు లేదు, దాని జాగాలో తారు ఉంది. పాత రబ్బరు బెల్టులు కరిగి కప్పీలకు అట్లా పట్టుకుంటాయి. తుడిచిన క్రమం:

1. ఐసోప్రొపైల్ ఆల్కహాలు 99 శాతంది, చెవి పుల్లలు. పెర్ఫ్యూమూ శానిటైజరూ వద్దు.
2. కప్పీ గాడిలో మరక పూర్తిగా పోయేదాకా. నాకు 34 పుల్లలు పట్టాయి.
3. కొత్త బెల్టును వేళ్లతో ముట్టుకోకండి, చేతి జిడ్డుకు జారుతుంది.
4. టేపును చదివే హెడ్డు, టేపును లాగే కాప్‌స్టన్ సూది ఆల్కహాలుతో. రబ్బరు రోలరుకు మాత్రం తడి బట్ట, ఒక చుక్క సబ్బు.

మూడో అంకె పట్టించుకోకపోవడం వల్ల బెల్టు రెండుసార్లు విప్పాను.

లెక్క: డెక్కు 4,200, బస్సూ భోజనం 700, బెల్టూ ఐడ్లర్ టైరూ 420, ఆల్కహాలూ పుల్లలూ 220. మొత్తం రూ. 5,540. ఎక్కించినవి 0/38.

దశ 2: కంప్యూటర్లోకి

ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి తీగ పెడితే ఎడమ, కుడి కలిసిపోయి ఒకటే వస్తుంది. అది మోనో. రూ. 450 పెట్టి కొన్న చిన్న యూఎస్‌బీ ముక్కా అంతే. ఆ డబ్బు దండగ. తర్వాత ఎడమ కుడి రెండు లైన్ ఇన్‌పుట్లున్న వాడిన ఇంటర్‌ఫేస్ రూ. 3,500కి తీసుకున్నా.

రికార్డింగు నాణ్యత 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకున్నా. 90 నిమిషాల క్యాసెట్టుకు ఒకటిన్నర జీబీ పైచిలుకు. 96 పెడితే రెట్టింపు స్థలం, క్యాసెట్లో అంత సరుకు లేదు. లెవెల్ అత్యధికంగా మైనస్ 6 డీబీ దగ్గర ఆగేట్టు చూసుకున్నా. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, నాణ్యత పోకుండా సైజు తగ్గించే ఫ్లాక్ ఫైళ్లుగా దాచాను.

మొదటి క్యాసెట్టు వింటే సన్నగా గుయ్యిమని మోత. స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో చూపే గ్రాఫు, తీసి చూస్తే రెండు శిఖరాలు: ఒకటి 50 హెర్ట్జ్ దగ్గర, ఇంకోటి 62కి కొంచెం ఇవతల. 50 నాకు అన్నం పెట్టే నంబరు, చూడగానే పోల్చుకున్నా. మన గ్రిడ్డు 49.90 నుంచి 50.05 మధ్య ఉండాలి, డ్యూటీలో ఆ అంకె కళ్లెదుటే కదులుతుంటుంది. మరి ఆ రెండోది ఎవరిది?

పరీక్ష తేలిక. డెక్కును పాజ్‌లో పెట్టి రికార్డు చేశా. 50 అట్లనే ఉంది, రెండోది మాయం. అంటే 50 మా ఇంటి కరెంటు, రెండోది టేపులోనే ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపితే 50 మోత మైనస్ 52 డీబీ నుంచి మైనస్ 71కి దిగింది. ఎర్తింగ్ రెండు దారుల్లో కలిసి లూప్ అయ్యింది, అంతే. ఫిల్టరు కొని ఉంటే ఇంకో 800 పోయేవి.

లెక్క: రూ. 9,490. ఎక్కించినవి 3, మూడూ మళ్లీ చేయాలి. కాబట్టి 0/38.

దశ 3: స్పీడు

ఆ రెండో మోత అమెరికా కరెంటు. అక్కడ 60 హెర్ట్జ్. స్టేజీ మీద గిటారు యాంప్లిఫయర్ల గుయ్యిమనేది సౌండ్‌బోర్డు టేపులోకి ఎక్కి, నలభై ఏళ్లకు అనంతపురంలో నా స్క్రీన్ మీద గీతగా నిలబడింది. అది 60 దగ్గర ఉండాలి, 61.9 దగ్గర ఉంది. అంటే టేపు 3 శాతానికి పైగా వేగంగా తిరుగుతోంది. శ్రుతి దాదాపు అర స్వరస్థానం పైన. ఆదివారం రాత్రుల్లో మేడ మీద కలిసే మా బ్యాచ్‌లో చర్చిలో గిటారు వాయించే కుర్రాడొకడు ఉన్నాడు, వాడు ముందు రోజే "అన్నా, నా గిటారు దీంతో కలవట్లేదు" అన్నాడు. నేను వాడి గిటారునే అనుమానించా.

కొలిచే చిట్కా: 48 కిలోహెర్ట్జ్ ఫైల్ మీద స్పెక్ట్రమ్ సైజు 65,536 పెట్టినా గీతకూ గీతకూ మధ్య 0.73 హెర్ట్జ్ ఉంటుంది, ఇది చాలదు. ఫైల్‌కు ఒక కాపీ తీసి సెకనుకు 8,000 శాంపిళ్లకు దించితే 0.12 వస్తుంది.

తప్పు డెక్కుదా, టేపుదా? ఇక్కడ పెద్ద తెలివి చూపించా. ల్యాప్‌టాప్ నుంచి 3,000 హెర్ట్జ్ కూత ఇదే డెక్కులో రికార్డు చేసి, ఇదే డెక్కులో వేశా. సరిగ్గా 3,000 వచ్చింది. డెక్కు పక్కా అని ఆ రాత్రి హాయిగా పడుకున్నా. పొద్దున పళ్లు తోముకుంటుంటే వెలిగింది: వేగంగా రాసి వేగంగా చదివితే తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది. అది పరీక్షే కాదు.

సరైన దారి: కంపెనీ ముద్ర ఉన్న క్యాసెట్టు, అదే ఆల్బం సీడీ. మా అమ్మ భక్తిపాటలవి మూడు దొరికాయి. ఒక పక్క 28 నిమిషాలకు 30 సెకన్ల ముందే అయిపోయింది. మూడింటి సగటు చూస్తే డెక్కు 1.8 శాతం వేగం. మోటారు వెనక చిన్న రంధ్రం, లోపల తిప్పుడు స్క్రూ. వెంట్రుకవాసి తిప్పడం, కొలవడం, మళ్లీ తిప్పడం. ఏడోసారికి 0.2 శాతం లోపలికి వచ్చింది.

అప్పుడు అదే టేపు 60.8 చూపించింది. మిగిలింది కాపీ తీసినవాళ్ల డెక్కు తేడా. అది క్యాసెట్టుకు ఒక రకం. ఒకటి 60.4, ఒకటి 59.1. కాబట్టి డెక్కును ఒక్కసారి సరిచేసి వదిలెయ్యండి, మిగతాది ఒక్కో ఫైల్‌కు విడిగా సాఫ్ట్‌వేర్‌లో.

ఒక క్యాసెట్లో రెండు 60లు కనబడ్డాయి: 60.3, 61.1. ఒకటి కచేరీ రాత్రిది, ఇంకోటి ఎవరో ఇంట్లో కాపీ తీసేటప్పుడు ఎక్కినది. ఏది ఏదో టేపు చివర చూస్తే తెలుస్తుంది. కచేరీ తెగిపోయాక కూడా 60.3 మోగుతూనే ఉంది, అది ఇంటిది. నేను 61.1ని 60కి తెచ్చా. గిటారు కుర్రాడి శ్రుతి కలిసింది.

దశ 4: హెడ్డు వాలు

హెడ్డు టేపుకు నిటారుగా లేకపోతే డ్రమ్ముల పక్కనుండే కంచు తాళాల గలగల పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. అజిమత్ అంటారు దీన్ని. హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూ. ఎడమా కుడీ కలిపి మోనోలో వింటూ, తాళాలు అన్నిటికంటే పదునుగా వినబడేచోట ఆపాలి. పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పే పని రాదు. వస్తే మీరు వేరే స్క్రూ తిప్పుతున్నట్టు.

ఒక క్యాసెట్టుకు సర్ది, అట్లనే వరసగా ఆరు ఎక్కించేశా. ప్రతి క్యాసెట్టుకూ విడిగా సర్దాలి, ఎందుకంటే రికార్డు చేసిన ప్రతి డెక్కు హెడ్డూ వేరే వాలులో ఉండింది. ఆరూ మళ్లీ. తొమ్మిది గంటలు గాల్లో కలిశాయి.

చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు 150.

లెక్క: రూ. 9,640. 11 ఎక్కించి 6 కొట్టేశాక 5/38.

దశ 5: ఊడిన స్పాంజిలు

క్యాసెట్టు నోటి దగ్గర సన్నటి రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది, టేపును హెడ్డుకు నొక్కేది. మన పక్క స్పాంజి అనేవాళ్లు. మా పైగది ఎండకు జిగురు ఎండి తొమ్మిది క్యాసెట్లలో అది ఊడింది. మా ఊర్లో బూజు సమస్య రాలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట బూజుకేం పని? ఎండకే అన్నీ పోతాయి.

మొదటిదాన్ని క్షణంలో పట్టుకునే గమ్ముతో అతికించా. గమ్ము ఫెల్ట్‌లోకి పీల్చుకుని రాయి అయ్యింది. కీచుమని శబ్దం, టేపు మీద పొడుగునా గీత. 12 నిమిషాల పాట పోయింది. ఇంక గమ్ము జోలికి పోకుండా టేపును వేరే క్యాసెట్టు పెంకులోకి మార్చడమే చేశా. రాజు రోడ్డులో జిరాక్స్ కొట్టు ఆయన మా బ్యాచ్‌లోవాడే, ఇంట్లో మూలన పడి ఉన్న పాత క్యాసెట్లు 12 ఇచ్చాడు. వద్దన్నా వినకుండా ఒక్కోటి పదిహేను చేతిలో పెట్టా.

1. ఐదు స్క్రూల పెంకు ఉన్నవే పనికొస్తాయి. అతికించినవి పగలగొట్టాలి.
2. విప్పేముందు ఫొటో తీసుకోండి, టేపు ఏ రోలరు మీంచి పోతోందో.
3. పెంకు పై సగాన్ని నిలువుగా ఎత్తండి. వంచితే చుట్ట లేచి వస్తుంది.
4. లోపలి జారుడు కాగితాలు రెండూ కొత్త పెంకులో ముందే పరచండి.
5. స్క్రూలు ఎదురెదురు మూలల్లో, మరీ బిగించకుండా.

మూడో అంకె నేర్చుకున్న రాత్రి వంటింటి గచ్చు మీద 130 మీటర్ల టేపు చుట్టలు చుట్టలుగా పడింది. మా ఆవిడ దాటుకుంటూ పోయి నీళ్లు తాగి, దాటుకుంటూ వచ్చింది. ఒక్క మాట అనలేదు. పెన్సిలుతో చుట్టేసరికి రెండు దాటింది.

లెక్క: రూ. 9,820. 34/38.

దశ 6: గ్రీక్ థియేటర్ టేపులు

ఇవి మామ సొంతంవి, రెండు క్యాసెట్లు. లేబులు "6/14/85". పద్నాలుగో నెల లేదు కాబట్టి దీన్ని తప్పు చదవలేం: 1985 జూన్ 14, బర్కిలీ గ్రీక్ థియేటర్. బ్యాండు ఇరవయ్యేళ్ల పండగ కచేరీల్లో మొదటిది. ఆరుబయట, కాంక్రీటు మెట్ల మీద కూర్చుని, బ్యాటరీలతో నడిచే చిన్న టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని రికార్డు చేశాడు.

మోత మీదా, గాలి శబ్దం మీదా నాకు కోపం వచ్చింది. రెండు పాటల మధ్య ఖాళీ చూసి అది "నాయిస్" అని ఆడాసిటీకి చూపించి 18 డీబీ తగ్గించా. వింటే అద్దంలాగా ఉంది. పెన్‌డ్రైవులో వేసి మామకిచ్చా. సాయంత్రం ఫోను.

"ఏందబ్బీ, జనం యాడికి పోయిరి?"

"నాయిస్ తీసేసినా మామా."

"అది నాయిస్సారా? ఆ పొద్దు నా పక్కన కూచున్నోళ్లు వాళ్లు."

నిజమే. జనంలో మైకు పెట్టి తీసినదానిలో పాటకూ పాటకూ మధ్య ఉండేది జనమే. వాళ్లనే శబ్దమని చూపించి తుడిపించేశా, వాళ్లతోపాటు తాళాల చివరి గలగల కూడా పోయింది. అసలు ఫైలు దాచి ఉండబట్టి బతికా. అప్పట్నుంచి ఏ టేపుకూ నాయిస్ తగ్గించలేదు. కావాలంటే వినేవాళ్లు తగ్గించుకుంటారు.

ఇంకోటి తేలలేదు: స్పీడు. బ్యాటరీ రికార్డరు కాబట్టి ఇందులో 60 హెర్ట్జ్ గీతే లేదు. పాత రికార్డింగులు దాచిపెట్టే వెబ్‌సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అదే రాత్రి వేరేవాళ్లు జనంలోంచి తీసినవి పెట్టుకున్నా. ఈ బ్యాండు సౌండ్‌బోర్డు రికార్డింగులు 2005 నవంబరు నుంచి అక్కడ వినడానికే, జనం తీసినవి దించుకోవచ్చు. రెండు వేర్వేరు రికార్డింగులు ఒకదానితో ఒకటి 0.1 శాతం లోపు కలిశాయి, వాటిని కొలబద్దగా పెట్టుకుని మొదటి క్యాసెట్టు మొదటి పక్కను కొలిచా:

5వ నిమిషం: 0.4 శాతం వేగం
20: 1.1
35: 2.3
43: 3.4
రెండో పక్క మొదట్లో: మళ్లీ 0.3

ఒకే టేపులో ఇట్లా ఎక్కుతూ పోయి, పక్క తిప్పగానే పడిపోవడం ఏమిటి? బెల్టు మళ్లీ మార్చా. రోలరు మార్చా. వేరే క్యాసెట్లు వేస్తే వేగం నిలకడగా ఉంది. పది రోజులు ఇదే. జిరాక్స్ కొట్టు ఆయన ఎండకు టేపు సాగిందన్నాడు. సాగితే రెండో పక్క కూడా సాగాలి కదా, అదే టేపు.

నాయిస్ తీయని ఫైలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదట్నుంచీ విన్నా. 43వ నిమిషం దాటాక, పాట నెమ్మదించినచోట, మైకుకు బాగా దగ్గరగా, సన్నటి గొంతుతో తెలుగు:

"ఒరే, సెల్లులు అయిపోతాండాయిరా."

"ఈ పాట కానీ, మారుద్దాం."

నేను తుడిపేసిన ఫైల్లో ఆ చోట బుడగలు చిట్లినట్టు ఏదో ఉంది, మాట లేదు. సెల్లులు నీరసించే కొద్దీ రికార్డరు నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా రాసింది మామూలు వేగంతో చదివితే వేగంగా వస్తుంది. పక్క తిప్పేటప్పుడు కొత్త సెల్లులు వేశారు. పది రోజుల కొలతలకు జవాబు టేపే చెప్పింది.

సరిచేసింది ఇట్లా: ఆడాసిటీలో టైమ్ ట్రాక్ పెట్టి, పై నాలుగు చోట్లా నాలుగు చుక్కలు, వాటి మధ్య గీత వాలుగా. 35కీ 43కీ మధ్య ఇంకో రెండు చుక్కలు కావాల్సి వచ్చాయి, చివర్లో సెల్లు ఒక్కసారిగా కూలబడింది కాబట్టి. ఇప్పుడు ఎక్కడ చూసినా 0.3 లోపు.

ఇప్పటికి

లెక్క: 36/38. రూ. 9,820. ఫ్లాక్ చేయకముందు 56 జీబీ. మిగిలినవి గమ్ము పడ్డది ఒకటి, తెగిపోయినది ఒకటి.

మళ్లీ చేస్తే 1977 కార్నెల్ టేపు మీద నాలుగు రాత్రులు పెట్టను. దాని మాతృక రీళ్లు బ్యాండు సౌండ్ ఇంజినీరు బెట్టీ కాంటర్ జాక్సన్ రికార్డు చేసినవి, 2017లో అధికారికంగానే విడుదలయ్యింది. నా కాపీల కాపీ దాని దరిదాపుల్లో లేదు. మామ మాత్రం ఒప్పుకోడు, "అది వాళ్లది, ఇది నాది" అంటాడు. మేడ మీద ఆదివారం రాత్రుల్లో 72 గొప్పదా 77 గొప్పదా అని ఆయనకూ గిటారు కుర్రాడికీ జరిగే పంచాయితీలో నేను తలదూర్చను.

మొన్న సరిచేసిన గ్రీక్ థియేటర్ ఫైలు వినిపించా. వేగంగా ఉన్నప్పుడు సన్నగా ఉన్న ఆ మొదటి గొంతు విని "ఇది నేను గాదు" అన్న మనిషి, ఈసారి వినగానే నవ్వాడు. రెండోది రూమ్మేటుదట, కడప పిల్లోడు. మళ్లీ వెనక్కి తిప్పి వేయమన్నాడు. మూడోసారి విన్నాక చెప్పాడు:

"నాలుగు సెల్లులు నేనే కొంటి. వాని వంతు దుడ్లు ఇంకా ఈలేదు."